పడవ పనిలో ఒంటి మీద కత్తి: ఎలాంటిది, ఎక్కడ, ఎలా వాడాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది ఆత్మకూరు దగ్గర. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో మా ఇంట్లోవాళ్ళం వలలు వేస్తాం. ఈసారి సముద్రంలో వేట నిషేధం అయిపోగానే మా మామతో విశాఖ హార్బర్‌కు బోటు పనికి పోతున్నా. పనిలో ఒంటి మీద కత్తి ఉండాలని ఒకాయన చెప్పాడు. మామేమో బోటులో కత్తులు బోలెడుంటాయి, నీకు వేరే ఎందుకు అంటున్నాడు. కావాలా? కావాలంటే ఎలాంటిది కొనాలి? కర్నూలు నుంచి బస్సులో తీసుకుపోవచ్చా?"

తమ్ముడూ, కావాలి. సముద్రానికి పోయేదాకా ఆగక్కర్లేదు, రేపు పొద్దున పుట్టి ఎక్కేటప్పుడు కూడా కావాలి.

మీ మామ చెప్పింది నిజమే, బోటులో కత్తులుంటాయి. చేపలు కోసేది ఒకటి, వల బాగుచేసేటప్పుడు దారం తెంపేది ఒకటి, వంట దగ్గర ఒకటి. అవన్నీ బోటులోనే ఉంటాయి. కాలికి తాడు బిగిసినవాడు కాసేపట్లో నీళ్ళలో ఉంటాడు. వాడి చేతికి అందేది వాడి ఒంటి మీద ఉన్నది మాత్రమే. నేను విశాఖ నుంచి పోయే బోట్లలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు నందికొట్కూరు వైపు ఉంటూ బ్యాక్‌వాటర్‌లో వలలు వేసేవాళ్ళతో తిరుగుతున్నా. రెండు చోట్లా ప్రమాదం వచ్చే దారి ఒక్కటే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

వల వదిలే పనిలో ఏం జరుగుతుందో చూడు. ఇంజను నెమ్మదిగా ముందుకు లాగుతుంటుంది. వెనక నుంచి వల దానంతటదే జారిపోతుంటుంది. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసపు గుండ్లు. ఆ గుండ్లు అంచు పలకకు తగిలి టకటకమంటూ పోతుంటాయి. చివర్లో రాయి కట్టిన తాడు ఉంటుంది. నేనున్న ఒక బోటులో మా కంటే పెద్దాయన ఒకరు ఆ రాయిని ఎత్తి నీళ్ళలో వేశారు. కింద చుట్టగా పడున్న తాడు ఒక్కసారిగా పైకి లేచి ఆయన చీలమండకు పడింది. ఆయన కూలబడ్డారు, పలక మీద జారుతూ వెనక్కి పోయారు. ఎడమ కాలు అంచుకు తన్నిపెట్టి, రెయిన్‌కోటు మీద ఎదకు కట్టుకున్న కత్తి లాగి, పాదానికి అవతల, నీళ్ళ వైపు ఉన్న తాడుకు ఒక్కసారి ఆనించారు. టప్పుమని తెగింది. పక్కన నిలబడ్డ మేము ఆయన దగ్గరికి చేరేలోపే అంతా అయిపోయింది. ఆయన చీలమండ చుట్టూ తాడు పురి అచ్చు చాలా రోజులు నల్లగా కనబడింది. కత్తి వంట దగ్గర ఉండుంటే ఎవరో ఒకరు పరిగెత్తి తెచ్చేవారే, కానీ ఎవరికోసం తెచ్చేవారు?

మన బ్యాక్‌వాటర్ సంగతి ఇంకో రకం. అక్కడ పుట్టిలో ఇద్దరే ఉంటారు, చాలాసార్లు భార్యాభర్తలు. ఆమె తెడ్డు వేస్తుంటే ఆయన వల వదులుతాడు. సాయం చేయడానికి మూడో మనిషి ఉండడు. పైగా నీళ్ళ కింద ముంపు ఊళ్ళ గోడలున్నాయి, నరకకుండా వదిలేసిన తుమ్మ మోళ్ళున్నాయి. డ్యాము నిండా ఉన్నప్పుడు, అంటే 885 అడుగులున్నప్పుడు, అవి లోతున ఉండి వలకు తగలవు. నీళ్ళు తగ్గి, ముంపులో ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడే రోజులకు అవే మోళ్ళు పుట్టి అడుగు దగ్గరికి వచ్చేస్తాయి. పోయిన నెల ఇబ్బంది లేని చోట ఈ నెల వల పట్టుకుంటుంది. సాయంత్రం గాలి లేస్తే అసలు కష్టం మొదలవుతుంది. వల మోడుకు పట్టుకుని ఉంటుంది, తాడు పుట్టికి కట్టి ఉంటుంది, గాలి పుట్టిని అవతలికి తోస్తుంటుంది. తాడు బిగిసేకొద్దీ ఆ వైపు అంచు నీళ్ళకు వంగుతుంది. పుట్టి ఒకసారి నీళ్ళు తాగిందంటే ఇక ఆగదు. అప్పుడు చేయాల్సింది ఒకటే, తాడు కోసేయడం.

అక్కడే చెయ్యి ఆగిపోతుంది తమ్ముడూ. వల ఖరీదు గుర్తొస్తుంది, దానికోసం తెచ్చిన అప్పు గుర్తొస్తుంది, ఇంకొంచెం చూద్దాం అనిపిస్తుంది. అందుకే ఆ నిర్ణయం నీళ్ళ మీద తీసుకోవద్దు. ఒడ్డునే తీసుకో. అంచు ఎంత వంగితే కోసేయాలో ఇంట్లో ఇద్దరూ ముందే మాట్లాడుకుని పెట్టుకోండి. కోసిన తర్వాత ఎందుకు కోశావని ఎవరూ అడగకూడదని కూడా ఒప్పందం చేసుకోండి. వల బెండ్లు తేలుతూనే ఉంటాయి. గాలి తగ్గాక చాలావరకు మళ్ళీ దొరుకుతుంది.

ఇక కత్తి ఎలాంటిదో చెప్తాను.

మడత చాకు వద్దు. ఉప్పునీటికి దాని కీలు తుప్పు పడుతుంది, పొలుసు, ఇసుక చేరి బిగుసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాటిలో చాలావాటిని తెరవడానికి రెండు చేతులు కావాలి. నీళ్ళలో ఈడ్చుకుపోతున్నప్పుడు ఒక చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. పిడికి బిగించిన కత్తి, గట్టి ఒరలో ఉండేది తీసుకో. మూడు నాలుగు అంగుళాల పొడవు చాలు. పొడవైన కత్తి నీకే తగులుతుంది.

మొన మొద్దుగా ఉండాలి. దీని మీద చాలామంది నాతో వాదిస్తారు, మొన లేని కత్తి ఏం కత్తి అని. ఊగే బోటులో, కంగారులో, నీ కాలికీ తాడుకీ మధ్యకు దూర్చే కత్తి అది. వాడిమొన ఉంటే ముందు పిక్కలోకి దిగుతుంది. గాలి నింపే రకం లైఫ్‌జాకెట్ వేసుకుంటే దానికి చిల్లు పడుతుంది. పుట్టిలో జారిపడితే అడుగున ఉన్న పట్టా చిరుగుతుంది. పొడవడానికి మనకు పని లేదు, కోయడానికే.

అంచులో సగమైనా రంపపు పళ్ళుండాలి. తడిసిన నైలాను తాడు మీద, ప్లాస్టిక్ తాడు మీద నున్నటి పదును కాస్త మొద్దుబారినా జారిపోతుంది. పళ్ళు పట్టుకుంటాయి. సన్నటి తంగూసు వలకు, గాలం దారానికి నున్నటి పదును బాగా పనిచేస్తుంది. అందుకే సగం సగం ఉన్నది మంచిది. దొరక్కపోతే పళ్ళున్నదే తీసుకో. పిడి నారింజ రంగుదో, పసుపుదో చూసుకో. నల్ల పిడి, ఆకుపచ్చ పిడి వలలో పడితే వెతుక్కోలేవు.

ఖరీదైనది కొనలేకపోతే దిగులు పడొద్దు. టమాటాలు, బ్రెడ్డు కోసే పళ్ళ కత్తి, స్టీలుది, పిడి గట్టిగా ఉన్నది ఒకటి తీసుకో. దాని మొనను మీ ఊళ్ళో సాన పట్టేవాళ్ళ దగ్గర గుండ్రంగా అరగదీయించు. ఒరకు పీవీసీ పైపు ముక్క సరిపోతుంది. పైపును వేడి చేసి, మెత్తబడ్డాక రెండు పలకల మధ్య నొక్కితే చదునవుతుంది. అది చల్లారకముందే కత్తిని మందపాటి గుడ్డలో చుట్టి లోపల పెట్టి నొక్కితే దాని ఆకారానికి వస్తుంది. కింద చిన్న చిల్లు పెట్టు, నీళ్ళు నిలవకుండా. ఈ పని గాలి ఆడే చోట, మంట నేరుగా తగలకుండా చేయాలి. పీవీసీ కాలితే వచ్చే పొగ మంచిది కాదు. తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపితే కత్తి జారకూడదు, బొటనవేలితో తోస్తే మాత్రం ఊడిరావాలి. ఆ పట్టు కుదిరేదాకా సరిచేసుకో.

ఎక్కడ పెట్టుకోవాలన్నది కత్తి రకం కంటే ముఖ్యం. నడుముకు వద్దు. బోటులో రెయిన్‌కోటో, ప్లాస్టిక్ ఏప్రనో వేసుకుంటావు. నడుము దాని కిందకు పోతుంది. ప్యాంటు జేబులో అసలే వద్దు. తొడకు తాడు బిగిస్తే జేబు కూడా దానితోపాటే బిగుస్తుంది. ఎద మధ్యలో, అన్నిటికంటే పైన వేసుకున్న దాని మీద కట్టుకో. లైఫ్‌జాకెట్ వేసుకుంటే దాని పట్టీకి. కుడిచేతికీ ఎడమచేతికీ ఒకేలా అందాలి, ఎందుకంటే ఏ చెయ్యి చిక్కుకుంటుందో ముందు తెలియదు. కత్తికి తాడు కట్టి మెడలో వేసుకునేవాళ్ళు కొందరున్నారు, ఆ తాడే ఇంకో చిక్కు. కత్తి చేజారుతుందని భయమైతే ఒర నుంచి చెయ్యి చాచినంత దూరం వచ్చే సన్నటి దారం కట్టు, గట్టిగా గుంజితే తెగిపోయేది.

ఆ కత్తితో ఇంకే పనీ చేయకు. ఇది గట్టిగా చెప్తున్నా. చేప కోసి, ఉల్లిగడ్డ కోసి, దారం తెంపితే పదును పోతుంది. అంతకంటే ప్రమాదం, అది ఒరలోకి తిరిగి రాకుండా పెట్టె మీదో పలక మీదో ఉండిపోతుంది. పనికి వేరే కత్తి పెట్టుకో. వేట నుంచి తిరిగిరాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నూనె చుక్క రాసి పెట్టు. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నా ఉప్పునీటికి పళ్ళ సందుల్లో తుప్పు వస్తుంది.

ఇప్పుడు కోసే పద్ధతి. కాలికి తాడు పడగానే ముందు గట్టిగా కేక వెయ్యి. మాట ముందే అనుకుని ఉండాలి, "ఆపు" అంటే ఇంజను న్యూట్రల్‌కు రావాలి, ఇంకే అర్థమూ ఉండకూడదు. అరుస్తూనే ఒక చేత్తో బోటును పట్టుకో, ఇంకో చేత్తో కత్తి తియ్యి. తాడును ఏ వైపు కోయాలో తెలిసి ఉండాలి. నిన్ను లాగుతున్నది నీళ్ళలోని బరువు. కాబట్టి నీ కాలికీ ఆ బరువుకూ మధ్య కోయాలి. బోటు వైపు కోస్తే ఏమవుతుందో ఆలోచించు, బరువూ నువ్వూ కలిసి కిందికి పోతారు. ఒకవేళ నీళ్ళలో పడిపోయినా ఇదే లెక్క. కిందికి లాగుతున్న వైపు కోసెయ్, బోటు వైపు తాడును వదలకు, దానితోనే వాళ్ళు నిన్ను లాక్కుంటారు.

బిగుతుగా ఉన్న తాడు సులువుగా తెగుతుంది. పదును బయటివైపుకు తిప్పి, కత్తిని ఒంటికి చదునుగా ఆనించి తాడు కిందకు దూర్చి బయటికి లాగాలి. ఒంటి వైపుకు ఎప్పుడూ కోయకు. ఇంకొకరి కోసం నువ్వు కోస్తుంటే ఆ తాడు సాగే దారిలో నిలబడకు. బరువు మీదున్న నైలాను తాడు బాగా సాగి ఉంటుంది. తెగిన మరుక్షణం దాని కొస వెనక్కి తన్నుకొస్తుంది, ముఖానికి తగిలితే కన్ను పోతుంది.

వలలో చిక్కితే వేరు. వల వదులుగా ఉంటుంది, కత్తి కింద నలుగుతుందే తప్ప తెగదు. తన్నుకుంటే ఇంకా చుట్టుకుంటుంది. తన్నుకోవడం ఆపి, ఒక గుప్పెడు వలను పిడికిట్లోకి లాగి బిగించి, ఆ బిగుతు మీద కోయాలి. ముందు సీసపు గుండ్ల తాడు ఎటుందో చూసుకుని దాన్ని వదిలించుకో, మనిషిని ముంచేది అదే. లాంగ్‌లైను, అంటే వరసగా గాలాలు కట్టిన పొడవాటి లైను, వదిలే బోటైతే పోతున్న గాలం చేతికో చొక్కాకో గుచ్చుకోవచ్చు. అప్పుడు గాలాన్ని పీకాలని చూడకు. గాలం నుంచి పెద్ద లైనుకు పోయే కొమ్మ దారాన్ని కోసెయ్. గాలం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇదంతా చదివితే రాదు. ఇంటి ముందర చెట్టుకు పాత తాడు కట్టు. రెండో కొసను గమ్ బూటు వేసుకున్న కాలికి చుట్టి, ఒక తమ్ముడినో స్నేహితుడినో లాగమను. కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో కత్తి తీసి కొయ్యి. మొదట్లో ఒర దొరకదు, పదును ఎటుందో తెలియదు, చెయ్యి తడబడుతుంది. బకెట్టు నీళ్ళలో చేతులు ముంచి మళ్ళీ చెయ్యి. మీ బోటులో వాడే అసలు తాడు ముక్కలు అడిగి తెచ్చుకుని వాటినే కొయ్యి. ఏ తాడు ఎన్ని గీతలకు తెగుతుందో చేతికి తెలియాలి. మీ అమ్మ, నాన్న పుట్టిలో పోతారు కదా, వాళ్ళ చేత కూడా చేయించు. ఆమెకు వేరే కత్తి ఉండాలి, ఆయన కత్తి ఆయనతోపాటే నీళ్ళలో ఉంటుంది.

కత్తి పనికిరాని చోటు ఒకటుంది, అది బాగా గుర్తుపెట్టుకో. ట్రాల్ బోట్లలో వలను లాగేది ఇనుప వైరు రోపు. దాన్ని ఏ కత్తీ కోయలేదు. ఆ రోపును చుట్టే యంత్రం, అంటే వించి, దాని డ్రమ్ముకు చెయ్యో చొక్కానో పట్టుకుంటే నిన్ను కాపాడేది వించి ఆపేవాడే. బోటు ఎక్కిన మొదటిరోజే వించి ఎక్కడ ఆపాలో అడిగి, నీ చేత్తో ఆపి చూడు. కొత్తవాడివి ఇలాంటివి అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకు. మంచి డ్రైవర్ ఎవరైనా సంతోషిస్తాడు. అలాగే బోటును నడిపే, నీళ్ళ కింద తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుంటే, ఇంజను ఆగి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే ఎవరైనా నీళ్ళలోకి దిగి కోయాలి. బ్యాక్‌వాటర్‌లో బయటి మోటారైతే దాన్ని పైకి ఎత్తి కోసుకోవచ్చు, దిగాల్సిన పనే లేదు.

కత్తి తీయాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. తాడు చుట్టలో కాలు పెట్టి నిలబడకు, వల పోతున్నప్పుడు దానికీ అంచుకూ మధ్య నిలబడకు. గుండీల చొక్కా వలకు తగులుకుంటుంది, గుండీలు లేనిది వేసుకో. చేతి కడియం, ఉంగరం, మణికట్టు తాళ్ళు ఒడ్డునే తీసి పెట్టు. ఉంగరం వలకు పట్టుకుంటే వేలి చర్మం మొత్తం ఊడివస్తుంది. బూటు ఒక సైజు పెద్దది తీసుకుంటే తాడు పడినప్పుడు కాలు ఊడదీసుకోవచ్చు. అమ్మవాళ్ళు కొంగు గట్టిగా బిగించి దోపుకోవాలి, మెడలో పుస్తెల తాడు జాకెట్టు లోపలికి వేసుకోవాలి.

లైఫ్‌జాకెట్ గురించి కూడా చెప్పాలి. తాడు కోసుకున్నవాడు ఆ తర్వాత తేలాలి కదా. అమెరికాలో 2000 నుంచి 2016 దాకా చేపల బోట్ల మీద నుంచి నీళ్ళలో పడి చనిపోయిన 204 మంది వివరాలు తీసి చూస్తే, వాళ్ళలో ఒక్కరు కూడా లైఫ్‌జాకెట్ వేసుకుని లేరు. అంత పెద్ద బోట్లు, అన్ని సౌకర్యాలున్నచోట సంగతి అది. మన పుట్టిలో అయితే దాన్ని దిండులా కింద వేసుకుని కూర్చుంటారు. ఈత వచ్చు కదా అంటారు. కాలికి సీసపు తాడు ఉన్నప్పుడు ఈత పనిచేయదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ పడవలకూ, మోటారు పడవలకూ సేఫ్టీ కిట్లకు సాయం పెట్టారు. ఇప్పుడు ఉందో లేదో మీ జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో సంఘం తరఫున అడగండి.

చివరగా బస్సు సంగతి. పని కోసం చేసిన చిన్న కత్తికి భయపడాల్సింది లేదు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన పొడవు, 2 అంగుళాలు దాటిన వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి మినహాయించారు. నీది అందులో సగం కూడా ఉండదు. అయినా కర్నూలు బస్టాండులో ఎదకు కట్టుకుని నడవకు. మన సీమలో కుర్రాడి ఒంటి మీద కత్తి కనబడితే చూసేవాళ్ళకు వేరే రోజులు గుర్తొస్తాయి, ఆపి అడిగే పోలీసుల తప్పూ ఉండదు. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, రెయిన్‌కోటు, గ్లౌజులతోపాటు బ్యాగు అడుగున పెట్టు. అడిగితే బోటు పనికి పోతున్నానని చెప్పి, మామ ఫోన్ నంబరు ఇవ్వు. విమానంలో పోతే చేతి బ్యాగులో రానివ్వరు, చెకిన్ సామానులో వెయ్యాలి. హార్బర్‌లో బోటు ఎక్కాకే ఎదకు కట్టుకో, దిగేముందు తీసెయ్. సముద్రంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. కాబట్టి ఒర చేసుకోవడానికీ, తాడు కోసి చేయి అలవాటు చేసుకోవడానికీ నీకు టైముంది. మామకు కూడా ఒకటి చేయించి తీసుకుపో.